మెడ దగ్గర అతుకు

2011 ఆగస్టు 8, సోమవారం

ఈరోజు నా కన్ను చూసి నేనే భయపడ్డాను.

మల్టీమీడియా కోర్సులో మొదటి క్లాసు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మూడో అంతస్తు. కింద బ్యాంకు పరీక్షల కోచింగ్, పైన స్పోకెన్ ఇంగ్లిష్. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు ఇంట్లో పుస్తకాలు చదువుతూ కూర్చున్నాను. ఇక చాలమ్మా, ఏదో ఒకటి నేర్చుకో అన్నారు నాన్న. ఎక్కువ మాట్లాడే పని లేనిది ఏదైనా ఉందా అని వెతికి ఇది పట్టుకున్నాను.

మధుకర్ సార్ అందరి ఫొటోలూ తీశారు. ఎవరి ఫొటో వాళ్ల కంప్యూటర్లో తెరిచి, కంటి మీద జూమ్ చేసుకుంట పోండి, నేను ఆపుమనేదాంక ఆపకుండ్రి అన్నారు. చేశాను. రెప్పల వెంట్రుకలు పోయాయి. నల్లగుడ్డు పోయింది. చివరికి స్క్రీన్ నిండా చదరపు ముక్కలు మిగిలాయి. ఒక్కో ముక్కది ఒక్కో రంగు. ఇదే పిక్సెల్, ఇంకెంత దగ్గరికి పోయినా లోపల ఏం దొరకదు అన్నారు సార్. ఆ ముక్కల్లో ఏది కన్నో, ఏది చర్మమో నాకు తెలియలేదు. నాదే అయినా.

పక్క సీటు అమ్మాయి పేరు విజయశ్రీ. పోచంపల్లి వైపు ఊరు. ఇంట్లో మగ్గాలు ఉన్నాయట. ఇక్కడ అక్క వాళ్లింట్లో ఉండి చదువుకుంటోంది. నా స్క్రీన్ చూసి, నీ కన్ను మా అమ్మ డిజైన్ గీసే గ్రాఫ్ కాయితం లెక్క అయిందేందే అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఆగస్టు 11

స్క్రీన్‌లో పసుపు రంగు లేదట. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఆ మూడే. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన వెలిగితే మన కన్నే దాన్ని పసుపు అనుకుంటుందట. ఇన్నాళ్లూ టీవీలో చూసిన పసుపంతా అబద్ధమే.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ గడపకు పసుపు రాస్తోంది. నీ టీవీ సంగతి నాకు తెలీదు గానీ ఇది మాత్రం నిజం పసుపేనే తల్లీ, తొక్కకుండా లోపలికి రా అంది.

ఆగస్టు 16

మీరు ఎటు అని అడిగింది విజయశ్రీ. ఈమధ్య అందరూ అడుగుతున్నారు. అమ్మానాన్నలది తెనాలి, నేను పుట్టి పెరిగింది ఎల్.బి.నగర్‌లో అన్నాను. అయితె ఆంధ్రనే అంది. కోపంగా కాదు. టిఫిన్ బాక్సులోంచి సర్వపిండి ముక్క విరిచి నా చేతిలో పెట్టి, తిను ఆంధ్రా, గొంతుల అడ్డం పడదులే అంది.

అమ్మ కూరగాయల బండి దగ్గర మాట్లాడటం మానేసింది. వేలితో చూపిస్తుంది. మాట వింటే మన యాస తెలిసిపోతుంది, ఎవరితో ఏం గొడవో అంటుంది. వంకాయలబ్బాయి మాత్రం అమ్మకు గొంతు పోయిందనుకుని, అల్లం రసం తాగమని చెప్పాడట.

ఆగస్టు 18

ప్రాజెక్టు ఇచ్చారు. ఇంట్లో ఉన్న పాత ఫొటో ఒకటి స్కాన్ చేసి, మరకలు, మడతలు తీసేసి కొత్తదానిలా చేయాలి.

మా ఇంట్లో పాత ఫొటో ఒక్కటే. హాల్లో టీవీ పైన ఉంటుంది. నాన్న నిలబడి ఉంటారు. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది. అమ్మ ఒళ్లో నేను, ఎనిమిది నెలల పిల్లని. అమ్మ రెండు చేతులూ నా చుట్టూ ఉంటాయి. నా చిన్నతనానికి మిగిలిన ఫొటో అదొక్కటే.

అది వద్దు అంది అమ్మ. గోడ బోసిగా ఉంటుంది, అద్దం పగులుతుంది, నీ పదో తరగతి ఫొటో తీసుకెళ్లు అంది. అందులో మరకలే లేవు కదమ్మా అన్నాను. నాన్న పేపరు మడిచి, ఇచ్చెయ్ ఇందిరా, మళ్లీ తెస్తుందిగా అన్నారు. అమ్మ నాన్న వైపు చూసిన చూపు నాకు అర్థం కాలేదు.

ఆగస్టు 21, ఆదివారం

రోజంతా ఇదే పని. నాన్న నాకోసం కొన్న కంప్యూటర్ ఇంట్లోనే ఉంది. బూజు మచ్చలన్నీ పోయాయి. మూల మడత పోయింది. క్లోన్ స్టాంప్ అంటే ఎంత ఇష్టమైందో. పక్కన శుభ్రంగా ఉన్న చోటు చూపించి, మచ్చ మీద రుద్దితే చాలు. అమ్మ గోళ్లన్నీ నల్లగా ఉన్నాయి. ప్రింటు పాడై అలా అయిందనుకుని ఒక్కొక్కటీ తెల్లగా చేశాను. పది గోళ్లకూ పూట పట్టింది.

నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆగస్టు 23, మధ్యాహ్నం

ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నేను శుభ్రం చేసిన ఫొటో, చేయకముందు ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాను. విజయశ్రీ వంగి చూసింది. నా గోళ్ల పని మీదే ఆగింది. గిదేం పనే తేజా, మట్టి అనుకొని తుడిచేసినవా, గది రంగు అంది. ఏం రంగు అన్నాను. నూలుకు చిటికి ముడులు కట్టి రంగుల ముంచెటోళ్ల గోళ్లు గిట్లనే ఉంటయి, మా అమ్మవి చూడు, పెండ్లికి గూడ పోవు, మీ అమ్మ చిటికి పని చేసేదా అని అడిగింది. నేను నవ్వాను. మా అమ్మది తెనాలి, చీర కట్టడమే తప్ప రంగు వేయడం తెలియదు అన్నాను.

సార్ వచ్చారు. గోళ్లు తుడిచినందుకు తిట్టారు. ఏందో తెలియనిది తుడిచేటందుకు నువ్వెవరు, ముందు అడగాలె, తర్వాత తుడవాలె అన్నారు. తర్వాత పైకి జరిగి, అమ్మ మెడ దగ్గర జూమ్ చేసి ఆగారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అరే, మస్తు చేసిండు గదా, ఎవరమ్మా గీ స్టూడియో ఆయన అన్నారు.

ఏం చేశాడు సార్ అన్నాను.

సార్ చూపించారు. నాన్న మొహం మీద వెలుగు ఎడమ నుంచి పడుతోంది. నా మొహం మీద కూడా ఎడమ నుంచే. అమ్మ చేతుల మీద కూడా. అమ్మ మొహం మీద మాత్రం కుడి నుంచి. ఫొటో అంతా ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది, మొహం ఒక్కటీ నున్నగా ఉంది. మెడ దగ్గర నగ కింద వెంట్రుక మందం గీత. అప్పట్లో కంప్యూటర్లు ఎక్కడివి, కత్తెరతో తల కోసి ఇంకో తల అతికించి, అతుకు మీద బ్రష్షుతో రంగేసి మళ్లీ ఫొటో తీసేటోళ్లు అన్నారు. పని బాగుందని మెచ్చుకుంటున్నారు. నాకు తెలిసే తెచ్చాననుకున్నారు.

విజయశ్రీ నా మొహం చూసి, సార్‌ను మోచేత్తో పొడిచింది.

ఆగస్టు 23, సాయంత్రం

అమ్మ బెండకాయలు తరుగుతోంది. అమ్మ వేళ్లు పొట్టివి.

ఫొటోలో చేతులకు పొడుగు వేళ్లు.

ఆగస్టు 24

అడగలేదు.

ఆగస్టు 27

అడగలేదు. ఫొటో ఎప్పుడు తెస్తావే అని అమ్మ రెండుసార్లు అడిగింది. సార్ దగ్గర ఉందన్నాను. నా బీరువాలో చీరల కింద ఉంది. గోడ మీద అది ఉన్న చోట రంగు కొత్తగా ఉంది. టీవీలో ధర్నాలు చూస్తున్నప్పుడు నాన్న కళ్లు ఆ చోటికే పోతున్నాయి.

సెప్టెంబర్ 1, వినాయక చవితి

అమ్మ కథ చదువుతోంది. నేను అక్షతలు పట్టుకుని కూర్చున్నాను. అబ్బాయి తల తీసేసి ఇంకో తల పెట్టిన చోటుకు రాగానే అమ్మ గొంతు ఆగింది. గ్లాసుడు నీళ్లు తాగి మళ్లీ చదివింది. ప్రతి ఏడూ ఇక్కడ ఆగేదా? నాకు గుర్తు లేదు. ఎప్పుడూ గమనించలేదు.

సెప్టెంబర్ 5, సోమవారం

అడిగేశాను. నాన్న ఆటోనగర్‌లో పనికి వెళ్లాక ఫొటో తెచ్చి వంటగదిలో గట్టు మీద పెట్టాను. అమ్మా, ఈ చేతులెవరివి అన్నాను.

అమ్మ స్టవ్ ఆపింది. ఇంకా పోపు వేయలేదు.

మీ అమ్మవే అంది.

నువ్వు కాదా అన్నాను. నేనూ అంది. అని నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. మొత్తం చెప్పింది. మధ్యలో ఏడవలేదు. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాయడానికి ప్రయత్నిస్తాను.

నాన్న మొదట పోచంపల్లి పక్క ఊళ్లో చేనేత సొసైటీలో లెక్కలు రాసేవారు. అక్కడ కిష్టమ్మ అనే ఆవిడ కూతురు భాగ్య. చిటికి కట్టేది. నాన్న ఆమెను యాదగిరిగుట్టలో పెళ్లి చేసుకున్నారు. తెనాలిలో మా నానమ్మ ఆ పెళ్లి ఒప్పుకోలేదు. నేను పుట్టాను. ఫొటో తీయించుకున్న నెలలోనే భాగ్యకు కామెర్లు వచ్చాయి. ఆసుపత్రిలో చచ్చిపోయింది.

ఏడాది తర్వాత నాన్నకు అమ్మనిచ్చి చేశారు. అమ్మ కాపురానికి వచ్చేసరికి ఫొటో గోడ మీద ఉంది. నాన్న దాని వైపు చూడలేక అన్నం ప్లేటుతో ఇంకో గోడ వైపు తిరిగి తినేవారట. నానమ్మ చించెయ్యమంది. పిల్లకు తెలియకూడదు, తెలిస్తే వాళ్ల వైపు పోతుంది అంది. కిష్టమ్మ వాళ్లు ఫొటో కాపీ అడిగితే, అలాంటిదేమీ లేదని చెప్పి పంపింది.

చించితే నీ చిన్నప్పటి బొమ్మ ఒక్కటి కూడా మిగలదు కదే అంది అమ్మ. అందుకని కొత్తపేటలో స్టూడియోకు తనే తీసుకెళ్లింది. నా మొహం పెట్టండి, మిగతాదంతా అలాగే ఉంచండి అందట. స్టూడియో ఆయన అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి తీశాడు. ఎదురుగానే కత్తిరించాడు. ఆ కత్తెర చప్పుడు ఇప్పటికీ వినపడుతుందే అంది.

నీ కోసమే చేశానని చెప్పను, నాక్కూడా అందులో ఉండాలనిపించింది, అప్పుడు నాకు ఇరవై ఏళ్లే అంది. తెనాలి మాట. ఇన్నేళ్లూ ఈ గొంతే నాకు అన్నం తినిపించింది.

కుక్కర్‌లో పప్పు అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం ఇద్దరం ఏమీ తినలేదు.

సెప్టెంబర్ 6

కత్తిరించిన ముక్క ఏం చేశావమ్మా అని అడిగాను. పారేయడానికి చేతులు రాలేదట. ఇంట్లో ఉంచడానికి నానమ్మ భయం. తెనాలి వెళ్లేటప్పుడు రైలు కృష్ణ బ్రిడ్జి మీదకు రాగానే, దాని మీద పసుపూ కుంకుమా వేసి, దండం పెట్టుకుని కిటికీలోంచి వదిలేసిందట. చుట్టూ అందరూ చిల్లర వేస్తున్నారట.

మా అమ్మ మొహం కృష్ణలో ఉంది.

సెప్టెంబర్ 9

ఆ స్టూడియో ఉందేమోనని కొత్తపేట వెళ్లి చూశాను. ఇప్పుడక్కడ ఫ్రిజ్‌లు అమ్ముతున్నారు. నెగెటివ్‌ల సంగతి అడిగితే, ఎవరి నెగెటివ్ మేడమ్, ఎక్స్చేంజ్ ఆఫర్ ఉంది చూడండి అన్నారు.

సార్‌ను అడిగాను, లేని మొహాన్ని తిరిగి తేవచ్చా అని. చిన్న ఫొటోను పెద్దది చేస్తే మధ్యలో పిక్సెల్స్ ఎట్ల వస్తయో తెలుసు కదా అన్నారు. తెలుసు. కంప్యూటర్ పక్కవాటిని చూసి ఊహిస్తుంది. అసలు పక్కనే ఏమీ లేకుంటె ఊహ గూడ ఉండదమ్మా అన్నారు.

సెప్టెంబర్ 10

ఒక పిచ్చిపని చేశాను.

ఫొటోషాప్‌లో డిఫరెన్స్ అని ఒకటి ఉంది. రెండు ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెడితే, ఒకేలా ఉన్నదంతా నల్లగా అయిపోతుంది. తేడా ఉన్నది మాత్రమే వెలుగుతుంది. నా ఫొటో మీద నాన్న పాస్‌పోర్టు ఫొటో పెట్టాను. కళ్ల మీద కళ్లు వచ్చేలా జరిపాను. నాలోంచి నాన్నను తీసేస్తే మిగిలేది ఆమే కదా అనుకున్నాను.

చీకటి. అందులో నాన్న మీసం ఒక్కటి తెల్లగా మెరుస్తోంది. చెవులు దెయ్యానివిలా ఉన్నాయి. కుర్చీ వెనక్కు తోసి లేచాను. చాలాసేపు గదిలోకి వెళ్లలేదు.

సెప్టెంబర్ 14

నిన్నటి నుంచి సకల జనుల సమ్మె. సింగరేణిలో కూడా పని ఆగింది. బొగ్గు లేదని కరెంటు ఎప్పుడు పడితే అప్పుడు పోతోంది. కోచింగ్ బోర్డుల లైట్లన్నీ ఆరిపోయి దిల్‌సుఖ్‌నగర్ ముసలిదైనట్టు ఉంది. క్లాసులు లేవు.

విజయశ్రీ ఇంటికి వచ్చింది. తనకు అంతా చెప్పాను. నోరు తెరిచి వింది. నువ్వు ఆంధ్ర గాదు, తెలంగాణ గాదు, రెండు గల్పిన సర్వపిండివే అంది. తర్వాత నన్ను గట్టిగా పట్టుకుంది. ఎవరైనా నన్ను అలా పట్టుకుని చాలా కాలమైంది.

సెప్టెంబర్ 17

కిష్టమ్మ బతికే ఉంది.

విజయశ్రీ వాళ్లమ్మ భాగ్య వాళ్ల ఊరికి మనిషిని పంపి కనుక్కుందట. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను కనపడదు. ఇంకా నూలు కండెలు చుడుతోందట. మనవరాలు బతికి ఉందని చెప్పగానే, పోరి మంచిగున్నదా అని ఒక్కటి అడిగిందట. రెండో మాట, భాగ్య ఫొటో వాళ్లింట్ల ఉంటది, తెమ్మనుండ్రి అని.

వాళ్ల దగ్గర భాగ్య ఫొటో ఒక్కటి కూడా లేదు. ఎప్పుడూ లేదు. ఏటా పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, చచ్చిపోయిన పెద్దలందరి ఫొటోలకూ దండలు వేసి, బియ్యం ఇస్తారు. భాగ్య పేరు మీద మాత్రం ఉత్త గోడకు దీపం పెడతారట. ఈసారి ఫొటో వస్తుందని ముందే గోడకు మేకు కొట్టించిందట. పెత్రమాస ఇరవై ఏడో తారీఖు.

నా దగ్గర ఉన్నది తల లేని ఫొటో.

సెప్టెంబర్ 20

బస్సులు ఆగిపోయాయి. విజయశ్రీ స్కూటీ మీద వచ్చి ఉపాయం చెప్పింది. నీ మొహమే పెట్టు అంది. అందరు అమ్మ పోలికె అనే గదా అంటరు, నువ్వు నడిమి పాపిడి తీసి పెద్ద బొట్టు పెట్టుకో, ఒంటి కన్ను ముసల్ది, ఇరవై ఏండ్లాయె, ఏం గుర్తుపడ్తది, సంతోషపడ్తది, నీ సొమ్మేం పోతది అంది.

ఎంత సులువో తెలిసి నాకు భయమేసింది. ఎడమ నుంచి వెలుగు పడేలా కిటికీ దగ్గర ఫొటో తీసుకోవాలి. రెజల్యూషన్ తగ్గించాలి. కొంచెం గ్రెయిన్, అదే ఆ ఇసుక గరుకు, కలపాలి. ఒక పూట పని. కోర్సు మొత్తంలో నాకు బాగా వచ్చిన పని ఇదే.

సెప్టెంబర్ 21

ఫొటో తీసుకున్నాను. అతికించాను. అతుకు కనపడదు.

అమ్మ స్క్రీన్ చూసి కెవ్వుమంది. వాళ్లు దీనికి దండేస్తారే అంది. బతికున్న పిల్ల బొమ్మకు దండేసి దీపం పెట్టి బియ్యం ఇస్తారు, తెలుసా నీకు, నేను ఒప్పుకోను అంది. అది బొమ్మే కదమ్మా, పిక్సెల్సే కదా అన్నాను. నీ పిక్సెల్సు పాడుగాను, అది నువ్వే అంది. నా చెయ్యి పట్టుకుని మౌస్ మీద నుంచి లాగేసింది. అమ్మ ఇంత గట్టిగా పట్టుకోవడం నేను తన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటే వయసులో చూశాను.

ముసలావిడ ఎదురుచూస్తోందమ్మా అన్నాను. తెలుసు అంది. ఇద్దరం ఏడ్చాం.

సెప్టెంబర్ 23, శుక్రవారం

నాన్న గురించి నాకేమీ తెలియదు.

సాయంత్రం పని నుంచి వచ్చి, షూ కూడా విప్పకుండా నా వెనక నిలబడ్డారు. స్క్రీన్ మీద భాగ్య మెడ మీద నా మొహం. నేను మూసెయ్యబోయాను. ఉంచు అన్నారు. చాలాసేపు చూశారు. నుదురు ఇంత లేదు అన్నారు.

ఏమిటి నాన్నా అన్నాను.

దాని నుదురు ఇంత పెద్దది కాదు, జుట్టు కిందికి ఉండేది అన్నారు.

లిక్విఫై తెరిచి జుట్టు కిందికి లాగాను. నాన్న కుర్చీ తెచ్చుకున్నారు. కనుబొమ్మలు కలిసేవి, మధ్యలో పలచగా అన్నారు. కలిపాను. ముక్కు కొంచెం వెడల్పు. ఇంకాస్త. అంత కాదు. కింద పెదవి పక్కన చిన్న గాటు, చిన్నప్పుడు మగ్గం అంచు తగిలి. ఆ రోజు నవ్వలేదు, స్టూడియో లైటు వేడికి కళ్లు చికిలించింది, ఎన్నిసార్లు చెప్పినా వినలేదు అన్నారు. చెబుతూ నవ్వారు. ఇన్నేళ్లలో ఆ పేరు ఎత్తని మనిషి. ఒక్కటీ మర్చిపోలేదు.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. వెళ్లిపోలేదు.

నా మొహం కొంచెం కొంచెంగా పోతోంది. ఎవరో వస్తున్నారు. ఎడమ కన్ను ఒక్క రవ్వ చిన్నది చేయమన్నారు. చేశాను. నాన్న లేచి నిలబడ్డారు. అదే, ఆగు, ఇంకేం కదపకు అన్నారు.

ఆమె నన్ను చూసింది.

కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కూసి ఆగిపోయింది.

నేను సేవ్ చేయలేదు.

సెప్టెంబర్ 24

పొద్దున కరెంటు వచ్చింది. ఫైలు తెరిస్తే నా మొహమే ఉంది. నాన్నను మళ్లీ కూర్చోమన్నాను. కూర్చున్నారు. నుదురు దగ్గరే ఆగిపోయారు. నిన్న చూశాక ఇప్పుడు కళ్లు మూసుకున్నా నీ మొహమే వస్తోందమ్మా, అది రావట్లేదు అన్నారు. ఆయన గొంతు విని నేను కంప్యూటర్ ఆపేశాను.

రెండుసార్లు పోగొట్టాం మేము ఆమెను. ఒకసారి అమ్మ, ఒకసారి నేను.

సెప్టెంబర్ 26

నా మొహం ఉన్న ప్రింటు సిద్ధంగా ఉంది. విజయశ్రీ తెచ్చిచ్చింది. చింపేశాను. ముసలావిడకు ఒక్క కన్నే ఉంది. ఆ కంటికి అబద్ధం చూపించలేను.

గోడ మీద ఉండే ఆ ఫొటోనే తీసుకెళ్తాను, జరిగింది జరిగినట్టు చెప్తాను అన్నాను. నేనూ వస్తాను, ఆ మొహం నాది, నేనే చెప్పాలి అంది అమ్మ. నాన్న స్కూటర్ తుడవడానికి వెళ్లారు.

సెప్టెంబర్ 27, పెత్రమాస

ఇప్పుడే ఇంటికి వచ్చాం. మర్చిపోకముందే రాయాలి.

నేను విజయశ్రీ స్కూటీ మీద. అమ్మా నాన్నా స్కూటర్ మీద. ఎల్.బి.నగర్ చౌరస్తాలో రాస్తారోకో. కండువాలు వేసుకున్న వాళ్లు ఆపారు. ఎవలు మీరు, గీ టైంల ఎటు పోతున్నరు అన్నారు. అమ్మ నోరు మూసుకుని నాన్న వీపు వెనక దాక్కుంది. నాన్న హెల్మెట్ తీసి, పెత్రమాస గదనే తమ్మీ, అత్తగారింటికి పోతున్నం, జర తొవ్వియ్యరాదు అన్నారు.

నాన్న. ఆ మాట. ఒక్క అక్షరం తడబడలేదు. వాళ్లు నవ్వి తప్పుకున్నారు. పో అన్నా, అత్తనడిగినమని చెప్పు అన్నాడు ఒకతను. పెద్ద అంబర్‌పేట్ దాటేదాకా నేను నాన్న స్కూటర్‌నే చూస్తూ కూర్చున్నాను.

హైవే మీద బస్సు ఒక్కటి లేదు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి ఎడమకు తిరిగాక రోడ్డు పక్కంతా తంగేడు. పిల్లలు బతుకమ్మకు పువ్వు కోస్తున్నారు.

కిష్టమ్మ చాలా చిన్నగా ఉంది. రాట్నం పక్కన కూర్చుని ఉంది. నా మొహం చూస్తుందేమోనని వంగాను. చూడలేదు. ఫొటో ఏది బిడ్డా అంది. ఇచ్చాను. మంచి కంటికి దగ్గరగా పెట్టుకుంది. మొహం చూసింది. తలెత్తి మా అమ్మను చూసింది. మళ్లీ ఫొటో చూసింది.

బొటనవేలితో ఆ మొహాన్ని మూసేసింది. కిందికి చూసింది. పోరి చేతులు గూడ కడుక్కోలే, ఆ దినం గూడ రంగుల ముంచి, గట్లనే ఉరికింది ఫొటోకు, నేను తిడితిని అంది. నవ్వుతోంది. కన్ను కారుతోంది.

అమ్మ ఆవిడ కాళ్ల మీద పడింది. కత్తెర సంగతి, కృష్ణ సంగతి అన్నీ చెప్పింది. వరద వచ్చినట్టు తెనాలి యాస వచ్చేసింది. వాకిట్లో నలుగురు ఆడవాళ్లు ఆగి వింటున్నారు.

కిష్టమ్మ ఒక్కటే అడిగింది. పసుపు కుంకుమ ఏసినవా?

వేశానమ్మా అంది అమ్మ.

దండం బెట్టినవా? పెట్టాను. ఇగ ఏమున్నది బిడ్డా, మేము గూడ గంగల్నే గలుపుతము, నా బిడ్డను నువ్వే సాగనంపినవ్ అంది. అమ్మ తల మీద చెయ్యి వేసింది. నాన్న వైపు తిరిగి మాత్రం, నువ్వు సల్లగుండ అల్లుడా, ఇన్నేండ్లు తొవ్వ మర్చినవు, లెక్కలు రాసేటోనివి గీ లెక్క తప్పినవా అంది. నాన్న అరుగు మీద తల దించుకుని కూర్చున్నారు.

అన్నం పెట్టింది. తిన్నాం.

గోడకు మేకు ఉంది. ఫొటో దానికి తగిలించలేదు. బతికినోళ్లున్న ఫొటోకు దండెయ్యద్దు అంది. కంప్యూటర్ పని వస్తదంట గద నీకు, మొగన్ని తీసెయ్, గీ అమ్మ మొహం తీసెయ్, నిన్ను గూడ తీసెయ్ బిడ్డా, నువ్వు సల్లగుండాలె, నా బిడ్డవి ఏమున్నయో గవ్వే ఉంచు అంది. ఏమున్నాయి అన్నాను. చేతులున్నయి గదా, చాలు అంది.

అక్టోబర్ 1

తీసేశాను. ముందు నాన్నను. తర్వాత అమ్మ మొహాన్ని. చివరికి నన్ను.

నన్ను తీసేస్తే నా వెనక ఏమీ లేదు. నేను కప్పిన చోట ఆమె చీర లేదు, ఒడి లేదు. కెమెరా అదేమీ చూడలేదు. పక్క పిక్సెల్స్ తెచ్చి నింపొచ్చు. నింపలేదు.

ప్రింటు విజయశ్రీ తీసుకెళ్లింది. సాయంత్రం ఫోన్ చేసింది. కిష్టమ్మ మేకుకు తగిలించి దండ వేసిందట. రెండు చేతులు, మధ్యలో ఎనిమిది నెలల పిల్ల ఆకారంలో తెల్ల కాగితం. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక, ఆ తెల్లదాని మధ్యలో పెట్టిందట.

అమ్మకు చెప్పలేదు.